షుగర్ వైద్యంలో తప్పిపోయే పరీక్షలు: రోగి స్వయంగా అడిగి చేయించుకునే పద్ధతి

షుగర్ వ్యాధి ఉన్నవారిలో చాలామంది క్రమం తప్పకుండా డాక్టరు దగ్గరికి వెళ్తారు. పరగడుపున ఒకసారి, తిన్న రెండు గంటలకు మరోసారి రక్తం ఇస్తారు, రెండు అంకెలు రాయించుకుంటారు, మందుల చీటీ తీసుకుని ఇంటికి వస్తారు. ఇలా పదేళ్లు గడిచినా వారి మూత్రంలో అల్బుమిన్ అనే ప్రోటీన్ ఎంత పోతోందో ఎవరూ చూసి ఉండకపోవచ్చు, కంటి లోపలి రెటీనాను ఎవరూ పరిశీలించి ఉండకపోవచ్చు, పాదాలకు స్పర్శ తెలుస్తోందో లేదో ఎవరూ తాకి ఉండకపోవచ్చు. షుగర్ వల్ల కిడ్నీ, కన్ను, పాదం దెబ్బతినడం మొదలైన తొలి ఏళ్లలో సాధారణంగా నొప్పి ఉండదు, చూపు మసకబారదు, కాళ్లు వాయవు. రోగికి తెలిసే సమయానికి చాలాసార్లు పూర్తిగా సరిచేయలేని నష్టం జరిగిపోయి ఉంటుంది. అందుకే ఈ పరీక్షలను ఏ బాధా లేనప్పుడే, ఏటా చేయాలని వైద్య మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఆసుపత్రి వాటిని వదిలేసినప్పుడు రోగి గాని, ఇంటివారు గాని ఏమి అడగాలో, ఎలా అడగాలో, అడిగినా జరగకపోతే ఎక్కడికి వెళ్లాలో ఇక్కడ వివరిస్తున్నాను.

ఎందుకు తప్పిపోతాయి

ప్రతిసారీ డాక్టరు నిర్లక్ష్యమే కారణం అనుకోవడం న్యాయం కాదు. ప్రభుత్వ ఆసుపత్రి ఓపీలో ఒక్కొక్క రోగికి రెండు మూడు నిమిషాలు దొరకడమే కష్టం, ఆ కాస్త సమయం షుగర్ అంకె చూసి మందు మార్చడానికే సరిపోతుంది. ప్రైవేటులో చూస్తే బాధ్యత చీలిపోతుంది. కంటి సంగతి కంటి డాక్టరు చూస్తారని షుగర్ డాక్టరు, షుగర్ డాక్టరు పంపితే చూద్దామని కంటి డాక్టరు అనుకుంటారు. ల్యాబులు అమ్మే ‘డయాబెటిస్ ప్యాకేజీ’లో పదుల కొద్దీ అంశాలు ఉన్నా, మూత్రంలో అల్బుమిన్ పరీక్ష లేని ప్యాకేజీలు కూడా ఉంటాయి. మన వైపు నుంచి జరిగే పొరపాటు కూడా ఒకటుంది. పాత చీటీ మందుల షాపులో చూపించి అవే మాత్రలు నెలల తరబడి తెచ్చుకోవడం, లేదా రోగి ఇంట్లో ఉండి కొడుకునో కూతురినో రిపోర్టు ఇచ్చి పంపడం చాలా ఇళ్లలో మామూలైపోయింది. రోగి ఎదురుగా లేకుండా పాదాలను ఎవరు చూడగలరు?

ఇంగ్లాండులో స్థిరపడిన మన వాళ్లకు షుగర్ ఉంటే రెటీనా పరీక్షకు రమ్మని అక్కడి ప్రభుత్వ వైద్య వ్యవస్థే ఇంటికి ఉత్తరం పంపుతుంది. ఇక్కడ అలాంటి ఉత్తరం రాదు. కాబట్టి ఏ పరీక్ష ఎప్పుడు జరగాలో గుర్తుపెట్టుకునే పని, ఇష్టమున్నా లేకపోయినా, ఇంటిదే అవుతుంది.

కిడ్నీ పరీక్షలు

అన్నిటికంటే ఎక్కువగా తప్పిపోయేది, తప్పిపోతే ఎక్కువ నష్టం చేసేది ఇదే అని నా అభిప్రాయం. కిడ్నీ కోసం ఏటా రెండు పరీక్షలు కావాలి. ఒకటి రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీలు బయటికి పంపవలసిన వ్యర్థ పదార్థం), దాని నుంచి లెక్కగట్టే ఈజీఎఫ్‌ఆర్, అంటే కిడ్నీలు రక్తాన్ని ఎంత వేగంగా వడగడుతున్నాయో చెప్పే అంచనా. రెండోది మూత్రంలో అల్బుమిన్‌కూ క్రియాటినిన్‌కూ ఉన్న నిష్పత్తి. దీన్ని ల్యాబుల్లో ‘యూరిన్ ఏసీఆర్’ అంటారు, కొన్నిచోట్ల ‘మైక్రోఅల్బుమిన్’ అని రాస్తారు. రెండో పేరుతో చేయించుకుంటే, క్రియాటినిన్‌తో నిష్పత్తి కూడా రిపోర్టులో ఇస్తారా అని ముందే అడగాలి. పుల్ల ముంచి చూసే మామూలు మూత్ర పరీక్షలో ‘అల్బుమిన్ నిల్’ అని వచ్చినంత మాత్రాన ఈ పరీక్ష జరిగినట్టు కాదు, ఎందుకంటే తొలి దశలో పోయే కొద్దిపాటి అల్బుమిన్‌ను ఆ పుల్ల పట్టుకోలేదు.

ఏసీఆర్ 30 లోపు ఉంటే మామూలు, 30 నుంచి 300 వరకు ఉంటే కిడ్నీకి దెబ్బ మొదలైందన్న అనుమానం, 300 దాటితే అది ముదిరిందన్న సూచన. ఈ అంకెలు ఒక గ్రాము క్రియాటినిన్‌కు ఎన్ని మిల్లీగ్రాముల అల్బుమిన్ అన్న లెక్కలో ఉంటాయి. ఒక్క రిపోర్టుతో నిర్ణయానికి రాకూడదు. జ్వరం, మూత్రంలో ఇన్ఫెక్షన్, నెలసరి, ముందు రోజు చేసిన కఠిన వ్యాయామం వంటివి అంకెను పెంచగలవు. అందువల్ల ఎక్కువగా వస్తే మూడు నుంచి ఆరు నెలల్లో మళ్లీ చేసి, మూడింటిలో కనీసం రెండు ఎక్కువగా ఉంటేనే ఖాయం చేస్తారు. దీనికి పరగడుపున ఉండనవసరం లేదు గాని, తెల్లవారి మొదటి మూత్రం ఇస్తే ఫలితం మరింత నమ్మదగినదిగా ఉంటుంది.

క్రియాటినిన్ విషయంలో ఒక మోసపోయే చోటు ఉంది. ‘క్రియాటినిన్ నార్మల్’ అన్న మాట విని చాలామంది తృప్తిపడతారు. 65 ఏళ్ల స్త్రీకి క్రియాటినిన్ 1.1 ఉంటే చాలా ల్యాబు రిపోర్టుల్లో అది మామూలు పరిధిలోనే కనిపిస్తుంది, కాని ఇప్పుడు వాడుకలో ఉన్న సూత్రం ప్రకారం లెక్కిస్తే ఆమె ఈజీఎఫ్‌ఆర్ సుమారు 56 వస్తుంది. మూడు నెలలకు మించి ఇది 60 కంటే తక్కువగా ఉంటే దీర్ఘకాలిక కిడ్నీ వ్యాధిగా పరిగణిస్తారు. కాబట్టి రిపోర్టులో క్రియాటినిన్ ఒక్కటే ఉంటే, ‘ఈజీఎఫ్‌ఆర్ ఎంత వచ్చిందండీ’ అని తప్పక అడగాలి. వయసు, స్త్రీ పురుష భేదం తెలిస్తే డాక్టరు అక్కడికక్కడే లెక్కగట్టి చెప్పగలరు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో క్రియాటినిన్ చాలా ఇళ్లకు తెలిసిన మాట. అక్కడి కిడ్నీ జబ్బుకు మూలకారణం ఇంకా పూర్తిగా తేలలేదు. షుగర్ వల్ల వచ్చే కిడ్నీ జబ్బు అలా కాదు, దాని కారణం తెలుసు, దాన్ని ముందే పట్టుకునే పరీక్షా తెలుసు.

ఈ పరీక్ష ఫలితం చికిత్సనే మారుస్తుందన్న సంగతి గుర్తుంచుకుంటే అడగడానికి ధైర్యం వస్తుంది. అల్బుమిన్ పోతోందని తేలితే రామిప్రిల్, టెల్మిసార్టాన్ వంటి బీపీ మందుల్లో ఒకటి, డాపాగ్లిఫ్లోజిన్ వంటి షుగర్ మందు ఎంచుకునే విషయం డాక్టరు ఆలోచిస్తారు. ఇవి కిడ్నీ పాడయ్యే వేగాన్ని తగ్గిస్తాయని రుజువైంది. రామిప్రిల్, టెల్మిసార్టాన్ వంటివి మొదలుపెట్టాక, లేదా మోతాదు పెంచాక, 2 నుంచి 4 వారాల్లో క్రియాటినిన్, పొటాషియం మళ్లీ చూడాలి. తప్పిపోయే పరీక్షల్లో ఇదీ ఒకటి. మందు రాసిన రోజే ‘మళ్లీ రక్త పరీక్ష ఎప్పుడు చేయించమంటారు’ అని అడిగి ఆ తేదీ చీటీ మీద రాయించుకోవాలి.

కన్ను, పాదం

రెండో రకం (టైప్ 2) షుగర్ ఉన్నట్టు తెలిసినప్పుడే రెటీనా పరీక్ష ఒకసారి జరగాలి, ఎందుకంటే జబ్బు బయటపడేసరికే అది కొన్నేళ్లుగా ఒంట్లో ఉండి ఉండవచ్చు. ఆ తర్వాత సాధారణంగా ఏటా చేయాలి. పిల్లల్లో, యువతలో ఎక్కువగా కనిపించే మొదటి రకమైతే జబ్బు బయటపడిన 5 ఏళ్ల నుంచి ఏటా చూస్తారు. కళ్లజోళ్ల షాపులో అక్షరాలు చదివించి పవరు చూడడం ఈ పరీక్ష కాదు. కంట్లో చుక్కలు వేసి, కంటిపాపను పెద్దది చేసి లోపలి పొరను చూడాలి, లేదా ప్రత్యేక కెమెరాతో దాని ఫోటో తీయాలి. చుక్కలు వేశాక కొన్ని గంటలు చూపు మసకగా ఉంటుంది కాబట్టి బండి నడపకూడదు, తోడుగా ఒకరిని తీసుకువెళ్లాలి. 1987లో హైదరాబాదులో మొదలైన ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థకు విశాఖపట్నంలోనూ విజయవాడ దగ్గరా ఆసుపత్రులు, పల్లెల్లో, చిన్న పట్టణాల్లో దృష్టి కేంద్రాలు ఉన్నాయి. డబ్బు పెట్టుకోలేని వారికి అక్కడ ఉచితంగా చూస్తారు. కంటి డాక్టరుకు ‘నాకు ఇన్నేళ్లుగా షుగర్ ఉంది, రెటీనా చూడాలి’ అని మొదటి మాటగా చెప్పాలి. చెప్పకపోతే పవరు చూసి పంపేసే అవకాశం ఉంది.

పాదాల పరీక్షకు యంత్రం అక్కరలేదు. పది గ్రాముల ఒత్తిడి దగ్గర వంగే సన్నని నైలాన్ తీగను అరికాలిలో కొన్ని చోట్ల ఆనించి, కళ్లు మూసుకున్న రోగిని ‘తెలుస్తోందా’ అని అడుగుతారు. కంపన శ్రుతిదండంతో (ట్యూనింగ్ ఫోర్క్) ఎముక దగ్గర అదురు తెలుస్తోందేమో చూస్తారు. పాదం పైన, చీలమండ వెనుక నాడి పట్టి రక్తం సరిగా అందుతోందేమో చూస్తారు. అంతా కలిపి ఐదు నిమిషాల పని. మన క్లినిక్కుల్లో చెప్పులు గుమ్మం బయటే విడిచి లోపలికి వెళ్తాం, అయినా డాక్టరు దృష్టి పాదాల మీద పడదు. కూర్చోగానే సాక్సు ఉంటే తీసేసి, ‘ఈ సంవత్సరం పాదాలు చూడలేదండి, ఒక్కసారి చూస్తారా’ అని అడగడం కంటే తేలికైన మార్గం లేదు. మంటలు, తిమ్మిర్లు, నడుస్తుంటే దూది మీద నడిచినట్టు ఉండడం, చెప్పు జారిపోయినా తెలియకపోవడం ఉంటే అవి కూడా చెప్పాలి. ఏ బాధా లేదన్నది మాత్రం పరీక్ష మానడానికి కారణం కాదు, స్పర్శ పోయిన పాదానికి బాధ తెలియదు.

మిగిలినవి

మూడు నెలల షుగర్ అని మనం పిలిచే హెచ్‌బీఏ1సీని షుగర్ అదుపులో ఉన్నవారికి ఏడాదికి రెండుసార్లు, అదుపులో లేనివారికి, మందు మార్చినవారికి మూడు నెలలకోసారి చూడాలి. ఇందులో ఒక జాగ్రత్త అవసరం. ఇనుము తక్కువై రక్తహీనత ఉన్నవారిలో ఈ అంకె నిజం కంటే ఎక్కువగా కనిపించవచ్చు. ఇటీవల రక్తం ఎక్కించుకున్నవారిలో, ఎర్రకణాలు త్వరగా నశించే జబ్బు ఉన్నవారిలో తప్పుగా రావచ్చు. మన ఇళ్లలో స్త్రీలకు రక్తహీనత చాలా సాధారణం కాబట్టి, ఇంట్లో మీటరుతో చూసే అంకెలకూ దీనికీ పొంతన కుదరకపోతే ‘హిమోగ్లోబిన్ కూడా చూడాలా’ అని అడగవచ్చు. బీపీ ప్రతిసారీ, కొలెస్ట్రాల్ పరీక్ష సాధారణంగా ఏటా జరగాలి. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడేవారికి, ముఖ్యంగా తిమ్మిర్లు లేదా రక్తహీనత ఉంటే, విటమిన్ బి12 చూడమని అడగడం సబబు.

గర్భిణుల సంగతి విడిగా చెప్పాలి. మన దేశపు మార్గదర్శకాల ప్రకారం గర్భిణి మొదటిసారి వచ్చినప్పుడు ఒకసారి, 24 నుంచి 28 వారాల మధ్య మరోసారి 75 గ్రాముల గ్లూకోజు నీళ్లు తాగించి, రెండు గంటల తర్వాత షుగర్ చూడాలి. 140 గాని అంతకు మించి గాని ఉంటే గర్భధారణలో వచ్చిన షుగర్‌గా భావిస్తారు. ఈ పరీక్షలు చాలాచోట్ల జరుగుతున్నాయి. ప్రసవమయ్యాక 6 వారాలకు మళ్లీ చేయవలసిన పరీక్షే మరుగున పడుతుంది. అప్పటికి బాలింత పుట్టింట్లో ఉంటుంది, అందరి దృష్టి బిడ్డ టీకాల మీద ఉంటుంది, తల్లికి షుగర్ తగ్గిపోయిందన్న మాటతో ఆ విషయం ముగిసిపోతుంది. అలాంటి తల్లికి తర్వాతి జీవితంలో రెండో రకం షుగర్ వచ్చే ముప్పు మిగతావారి కంటే చాలా ఎక్కువ. బిడ్డకు ఆరో వారం టీకా వేయించే రోజునే తల్లి పరీక్ష కూడా పెట్టుకుంటే మరిచిపోవడం ఉండదు. ఏఎన్‌ఎంకు గాని, ఆశా కార్యకర్తకు గాని ముందే చెప్పి ఉంచాలి. ఆ పరీక్షలో మామూలుగా వచ్చినా ఒకటి నుంచి మూడేళ్లకోసారి జీవితాంతం చూపించుకుంటూ ఉండాలి.

వెళ్లే ముందు

ఒక ఫైలులో అన్ని రిపోర్టులూ తేదీల వరసలో పెట్టి, పైన ఒక తెల్ల కాగితం మీద పరీక్ష పేరు, చివరిసారి జరిగిన తేదీ, వచ్చిన అంకె రాసుకోవాలి. జరగని పరీక్ష ఎదురుగా ఖాళీ వదిలేయాలి. ఓపీలో రెండు నిమిషాలే దొరికే డాక్టరుకు ముప్పై కాగితాల కట్ట కంటే ఈ ఒక్క కాగితం ఉపయోగపడుతుంది, ఆ ఖాళీలను మించి వాదించవలసిన అవసరమూ సాధారణంగా రాదు. ఇంగ్లీషు రాయడం రాకపోతే తెలుగులో రాసినా ఏ ఇబ్బందీ లేదు. వాడుతున్న మందులన్నీ, ఒళ్లు నొప్పులకు ఊళ్లో ఇచ్చే మాత్రలతో సహా, అందులో ఉండాలి. కొన్ని నొప్పి మాత్రలు కిడ్నీని దెబ్బతీస్తాయి, వాటి సంగతి అడిగితే తప్ప ఎవరూ చెప్పరు.

పెద్దవాళ్లకు తోడుగా వెళ్లే వారు ముందే మాట్లాడుకుని వెళ్లాలి. చాలామంది అమ్మలు, నాన్నలు డాక్టరు ఎదుట ‘అంతా బాగానే ఉందండి’ అనేస్తారు, ఖర్చవుతుందని పరీక్ష వద్దంటారు. ఏమి అడగబోతున్నామో ఇంట్లోనే చెప్పి ఒప్పిస్తే గదిలో మాటకు మాట అడ్డురాదు.

గదిలో ఏమనాలి

అడిగే తీరులో గౌరవం ఉండాలి, అడిగే విషయంలో స్పష్టత ఉండాలి. ‘అన్ని టెస్టులూ రాయండి’ అంటే డాక్టరుకు చిరాకు కలగడం సహజం, పైగా అక్కరలేనివి కూడా రాయించుకున్నట్టు అవుతుంది. పరీక్ష పేరు పెట్టి, చివరిసారి ఎప్పుడు జరిగిందో చెప్పి అడగాలి. ఉదాహరణకు ఇలా అనవచ్చు: ‘డాక్టర్ గారూ, నాకు షుగర్ వచ్చి ఎనిమిదేళ్లయింది. మూత్రంలో ఏసీఆర్ పరీక్ష ఇంతవరకు చేయలేదండి, రెటీనా కూడా చూపించుకోలేదు. ఈసారి ఆ రెండూ రాస్తారా?’ ఇందులో ఆరోపణ లేదు, సమాచారం ఉంది, సమాధానం చెప్పక తప్పని ప్రశ్న ఉంది.

‘అవసరం లేదు’ అని జవాబు వస్తే, ఎందుకు అవసరం లేదో అడిగే హక్కు రోగికి ఉంది. ‘ఇప్పుడు వద్దంటే మళ్లీ ఎప్పుడు చేయించాలో చీటీలో రాసి ఇవ్వండి’ అని మర్యాదగా అడగాలి. నా దృష్టిలో ఈ ఒక్క అభ్యర్థనకు ఉన్నంత బలం మరే వాదానికీ లేదు. రాతపూర్వకంగా ఉండాలనేసరికి ఎవరైనా ఇంకోసారి ఆలోచిస్తారు. కొన్ని కారణాలు సరైనవే అయి ఉంటాయి. రెండు నెలల కిందటే ఏసీఆర్ చేశారని ఫైలులో ఉండవచ్చు, ప్రస్తుతం జ్వరమో మూత్రంలో ఇన్ఫెక్షనో ఉండి అది తగ్గాక చేద్దామనవచ్చు, ఇప్పటికే కిడ్నీ నిపుణుల దగ్గర చూపించుకుంటూ ఉండవచ్చు. అలాంటి జవాబును అంగీకరించాలి. ‘నీకు షుగర్ కంట్రోల్‌లోనే ఉంది కదా’ అన్నది మాత్రం ఈ ఏటి పరీక్షలు మానడానికి తగిన కారణం కాదు, ఎందుకంటే వెనకటి ఏళ్లలో జరిగిన నష్టం ఈ నెల అంకెలో కనిపించదు.

ఆ ఆసుపత్రిలో ఆ పరీక్ష చేసే ఏర్పాటే లేకపోతే చీటీ రాయించుకుని బయట చేయించుకోవచ్చు. తెలంగాణలో ప్రభుత్వ వైద్యులు రాసిన పరీక్షలను ‘తెలంగాణ డయాగ్నస్టిక్స్’ కేంద్రాలు ఉచితంగా చేస్తాయి, బస్తీ దవాఖానాల్లో, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో నమూనా తీసుకుని అక్కడికి పంపుతారు. ఆంధ్రప్రదేశ్‌లో 104 వాహనం దగ్గర బీపీ, షుగర్ మందులు తీసుకునేవారు, ఆ డాక్టరు చేతనే ఏరియా ఆసుపత్రికో జిల్లా ఆసుపత్రికో రిఫరల్ రాయించుకోవాలి. మందులు అక్కడ దొరుకుతున్నాయి కదా అని ఏటి పరీక్షలు కూడా అక్కడే పూర్తవుతున్నాయని అనుకోకూడదు.

అడిగినా జరగకపోతే

ముందుగా మరో డాక్టరు అభిప్రాయం తీసుకోవడమే తక్కువ శ్రమతో ఎక్కువ ఫలితం ఇచ్చే పని. జాతీయ మానవ హక్కుల కమిషన్ రూపొందించిన రోగుల హక్కుల పత్రాన్ని కేంద్ర ఆరోగ్య శాఖ 2019లో రాష్ట్రాలకు పంపింది. జబ్బు గురించి సమాచారం పొందడం, రికార్డులు, రిపోర్టులు తీసుకోవడం, రెండో అభిప్రాయం కోరడం, పరీక్ష ఏ ల్యాబులో చేయించుకోవాలో తానే ఎంచుకోవడం అందులో రోగి హక్కులుగా ఉన్నాయి. వైద్యుల వృత్తి ప్రవర్తనపై 2002లో వచ్చిన నిబంధనల ప్రకారం, రోగి గాని, ఆయన అధికారం ఇచ్చిన వారు గాని అడిగితే 72 గంటల్లో వైద్య రికార్డులు ఇవ్వాలి. అడిగేటప్పుడు కాగితం మీద రాసి, రెండో ప్రతి మీద తేదీతో ముద్ర వేయించుకుంటే ఆ 72 గంటలు ఎప్పుడు మొదలయ్యాయో వివాదం ఉండదు.

ఫిర్యాదు చేయవలసి వస్తే ప్రభుత్వ ఆసుపత్రిలో ఆర్‌ఎంఓ (రెసిడెంట్ మెడికల్ ఆఫీసర్), సూపరింటెండెంట్ దగ్గర మొదలుపెట్టి, జిల్లా వైద్య ఆరోగ్య శాఖ అధికారి వరకు వెళ్లాలి. కలెక్టరేట్లలో సోమవారాలు అర్జీలు తీసుకునే కార్యక్రమం రెండు రాష్ట్రాల్లోనూ ఉంది, తెలంగాణలో దాన్ని ప్రజావాణి అంటారు. అర్జీలో కోపాన్ని కాక తేదీలను రాయాలి: ఏ రోజు ఏ పరీక్ష అడిగారు, ఎవరు ఏమన్నారు, చీటీలో ఏముంది, ఇప్పుడు ఏమి కోరుతున్నారు. ‘నాకు ఏసీఆర్, రెటీనా పరీక్షలు చేయించాలి’ అన్న కోరిక ‘తగిన చర్య తీసుకోవాలి’ అన్న వాక్యం కంటే త్వరగా నెరవేరుతుంది.

డబ్బు చెల్లించి తీసుకున్న వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని సుప్రీంకోర్టు 1995లో తీర్పునిచ్చింది. అందరికీ పూర్తిగా ఉచితంగా వైద్యం చేసే ఆసుపత్రులకు అది వర్తించదు. పరీక్ష జరగకపోవడం వల్ల నష్టం జరిగిందని భావించేవారు సాధారణంగా రెండేళ్లలోపు తాము నివసించే జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు, 1915 నంబరుకు ఫోన్ చేసి సలహా అడగవచ్చు. పరీక్ష రాయకపోవడం ఒక్కటే చూపితే సరిపోదు. అలాంటి స్థితిలో బాధ్యత గల డాక్టరు ఆ పరీక్ష రాసేవారని, రాయకపోవడం వల్లే ఈ నష్టం జరిగిందని చూపాలి. దానికి మరో వైద్యుని అభిప్రాయం, పాత రికార్డులు కావాలి. ఈ దారి పట్టినవారు కూడా చికిత్సను మాత్రం ఒక్క రోజు ఆపకూడదు. కేసు తేలడం ఆలస్యం కావచ్చు గాని, తప్పిపోయిన పరీక్షను అదే వారం వేరే చోట చేయించుకుని, ఫలితం వచ్చిన రోజే కొత్త డాక్టరుకు చూపించి, మందుల్లో మార్పు కావాలేమో అడగాలి.